ఆరేళ్ల బాబుకి గురక... ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. రెండేళ్లుగా రోజూ రాత్రి గట్టిగా గురక పెడుతున్నాడు. పక్క గదిలోకి కూడా వినిపిస్తుంది. నోరు తెరుచుకునే పడుకుంటాడు, మంచమంతా దొర్లుతాడు, దిండు తడిసేలా చెమటలు పడతాయి. మధ్యమధ్యలో గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు ఊపిరి పీల్చుకుంటాడు. నాలుగో ఏటే పక్క తడపడం మానేశాడు, ఈమధ్య మళ్లీ మొదలైంది. పొద్దున లేపితే ఒకటే చిరాకు. ఒక్కచోట కూర్చోడని, చెప్పింది వినడని స్కూల్లో కంప్లయింట్. ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపిస్తే అడినాయిడ్స్, టాన్సిల్స్ బాగా పెరిగాయి, స్లీప్ ఆప్నియా కావచ్చు, తీసేస్తే మంచిది అన్నారు. మా అత్తగారేమో గురక పెడుతున్నాడంటే ఆదమరిచి నిద్రపోతున్నట్టే కదా, పసివాడికి ఆపరేషన్ ఏమిటి అంటున్నారు. పెద్దయ్యాక అవే కరిగిపోతాయిలే అని మా వారి మాట. ఆపరేషన్ లేకుండా తగ్గదా? టాన్సిల్స్ తీసేస్తే రోగనిరోధక శక్తి పోతుందా? టెన్షన్‌తో నాకే నిద్ర పట్టడం లేదు.
- ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా కళ్లు ఒక్క వాక్యం దగ్గర నిలిచిపోయాయి: గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. గురక వినిపిస్తున్నంతసేపూ సన్నటి దారిలోనైనా గాలి వెళుతోందని అర్థం. అది ఆగిపోయి, ఛాతీ మాత్రం ఎగసిపడుతూ ఉందంటే ఆ కాసేపు గాలి లోపలికి వెళ్లడం లేదు. అప్పుడు మెదడు బాబును కొద్దిగా నిద్రలోంచి లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మీరు చూసిన ఆ పెద్ద ఊపిరి వస్తుంది. తను లేచినట్టు కూడా వాడికి తెలియదు. క్షణాల్లో మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. రాత్రంతా ఇదే తంతు. పొద్దున మీరు లేపుతున్నది పది గంటలు పడుకున్న పిల్లవాణ్ణే గానీ, పది గంటలు నిద్రపోయిన పిల్లవాణ్ణి కాదు. చిరాకు పడకుండా ఎలా ఉంటాడు?

గొంతు నిజానికి మెత్తటి గొట్టం. మెలకువగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్న కండరాలు దాన్ని తెరిచి పట్టుకుంటాయి. నిద్రలో అవి వదులవుతాయి. అందరికీ అంతే, అందులో జబ్బేమీ లేదు. కానీ పిల్లల్లో రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ముక్కు వెనకాల ఉండే అడినాయిడ్స్, గొంతుకి అటూ ఇటూ ఉండే టాన్సిల్స్ పెద్దవిగా ఉంటాయి, వాటికి ఉన్న చోటు మాత్రం చిన్నది. దారి ముందే ఇరుకు, దానికి తోడు నిద్రలో కండరాలు వదులు. తడిసిన కాగితపు గొట్టంతో గట్టిగా పీలిస్తే దాని గోడలు అతుక్కుపోతాయి చూడండి, పిల్లవాడు బలంగా ఊపిరి లాగినప్పుడు గొంతులోనూ అదే జరుగుతుంది. కొన్నిసార్లు పూర్తిగా మూసుకుపోతుంది, ఎక్కువసార్లు సగం మూసుకుని చాలాసేపు అలాగే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటాం. పిల్లల్లో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఉంటుందని అంచనా. గురక పెట్టే పిల్లలు అంతకన్నా చాలా ఎక్కువ మందే. వాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వచ్చి పోతే కంగారు పడక్కర్లేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులో, అంతకన్నా ఎక్కువో గురక వస్తుంటే మాత్రం డాక్టర్‌కి చెప్పాల్సిందే.

మీ అత్తగారి మాటకి వద్దాం. ఆవిణ్ణి నేను తప్పుపట్టను. పెద్దవాళ్లు గురకను హాయిగా నిద్రపోవడానికి గుర్తుగానే చూస్తూ వచ్చారు, మనవడి మీద ప్రేమతోనే భయపడుతున్నారు. వాదన పెట్టుకోకండి. ఒకరోజు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య ఆవిణ్ణి వెంటబెట్టుకుని బాబు పక్కన కూర్చోండి. ఆ వేళ ఎందుకంటే, కలలు వచ్చే దశ నిద్ర తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది, కండరాలు బాగా వదులయ్యేది అప్పుడే, పిల్లల్లో ఊపిరి ఆటంకాలు ఎక్కువయ్యేదీ అప్పుడే. పడుకున్న గంటకే వెళ్లి చూసి, బాగానే ఉన్నాడనుకుని చాలామంది వచ్చేస్తారు.

చొక్కా గుండీలు విప్పి, చిన్న లైట్ వేసి చూడండి. ముందు గొంతు కింద గుంట చూడండి. ఊపిరి లాగినప్పుడల్లా అక్కడి చర్మం లోపలికి పీక్కుపోతుందేమో గమనించండి. తర్వాత ఛాతీ, పొట్ట. మామూలుగా రెండూ కలిసి పైకి లేస్తాయి, కలిసి దిగుతాయి. దారి మూసుకున్నప్పుడు పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతుంది, తూగుడుబల్లలాగా. మెడ వెనక్కి విరిచి, గడ్డం పైకెత్తి పడుకున్నాడేమో చూడండి. దారి తెరుచుకోవడానికి శరీరం తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయం అది. నా దగ్గరికి వచ్చిన ఓ నాలుగేళ్ల పాప దిండు ఒళ్లో పెట్టుకుని, కూర్చునే, ముందుకు వాలి నిద్రపోయేది. దానికి అదో అలవాటు అని ఇంట్లో ముద్దుగా చెప్పుకునేవాళ్లు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందక ఆ పసిది అలా పడుకుంటోందని తెలిసిన రోజు వాళ్లమ్మ నా ఎదుటే ఏడ్చేసింది. ఆవిడ తప్పేం ఉంది? ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

ఇదంతా ఫోన్‌లో వీడియో తీయండి. ముఖం నుంచి పొట్ట దాకా కనిపించాలి, శబ్దం వినిపించాలి, మూడు నిమిషాలుంటే చాలు. పగలు డాక్టర్ ముందు కూర్చున్న బాబు మామూలుగానే కనిపిస్తాడు. వాడి జబ్బు బయటపడేది రాత్రే కాబట్టి, ఆ రాత్రిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే మార్గం మీకు ఆ వీడియో.

ఇక స్కూల్ సంగతి. నిద్ర చాలని పెద్దవాళ్లు కునికిపాట్లు పడతారు. పిల్లలు చాలామంది దానికి తలకిందులు, అలసిపోయిన కొద్దీ ఇంకా గెంతుతారు, మొండికేస్తారు, ఏ పనిమీదా మనసు నిలపలేరు. అందుకే ఈ జబ్బుని అల్లరి కింద జమకట్టేస్తుంటారు. ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. విలియం హిల్ అనే డాక్టర్ 1889లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీని గురించి రాశారు. రాత్రి గురక, పగలు నోటితో ఊపిరి, చదువులో వెనకబాటు, ఈ మూడూ ఉన్న పిల్లల ముక్కు, గొంతు చూడాలన్నది ఆయన మాటల సారం. అయినా ఇప్పటికీ చాలామంది పిల్లలు ముందు తిట్లు తిని, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి వస్తున్నారు. కుదురులేని పిల్లలందరికీ ఇదే కారణమని నేను అనడం లేదు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య) లాంటివి వేరేగా ఉండవచ్చు, రెండూ కలిసి కూడా ఉండవచ్చు. కానీ రోజూ గురక పెట్టే పిల్లవాడికి అలాంటి పేరేదైనా పెట్టేముందు వాడి నిద్ర సంగతి తేల్చుకోవాలి. మీ టీచర్‌గారికి కూడా ఈ మాట చెప్పండి. వాడి మీద కోపం సగం తగ్గుతుంది.

పక్క తడపడమూ ఇందులో భాగమే అయ్యే అవకాశం ఎక్కువ. మానేసిన పిల్లవాడు మళ్లీ మొదలుపెట్టాడంటే మాకు గురక గురించి అడగడం అలవాటు. గొంతు మూసుకున్నప్పుడు ఊపిరి కోసం చేసే లాగులాటలో గుండె మీద ఒత్తిడి పడుతుంది. అప్పుడు గుండె, మూత్రం ఎక్కువగా తయారయ్యేలా చేసే ఒక హార్మోన్ వదులుతుంది. దానికి తోడు నిద్ర ముక్కలు ముక్కలు కావడంతో మూత్రం వస్తున్న కబురు పిల్లవాడికి అందదు. అయినా ఒకసారి మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి, అవి వదిలేయకూడదు. దయచేసి బాబుని సిగ్గుపరిచే మాట ఒక్కటి కూడా అనకండి, ఇంట్లో ఎవర్నీ అననివ్వకండి. అది వాడి చేతిలో లేని పని.

మీ వారి మాటలో నిజం ఉంది, కాకపోతే సగమే. ఏడెనిమిదేళ్లు దాటాక అడినాయిడ్స్ మెల్లగా కుంచించుకుపోవడం మొదలవుతుంది, ఈలోపు దవడ, ముఖం పెరిగి చోటు కూడా పెరుగుతుంది. వేచి చూస్తే ఏమవుతుందో తేల్చడానికి అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్య ఉన్న 464 మంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వెంటనే ఆపరేషన్ చేశారు, రెండో జట్టుని గమనిస్తూ ఆగారు. ఏడు నెలల తర్వాత నిద్ర పరీక్ష మళ్లీ చేస్తే, ఆపరేషన్ అయినవాళ్లలో 79 శాతం మందికి మామూలు స్థితి వచ్చింది. ఆగినవాళ్లలోనూ 46 శాతం మందికి దానంతటదే సర్దుకుంది. కాబట్టి ఆగడం ప్రతిసారీ పొరపాటు కాదు. అయితే ఇంకో రెండు విషయాలు కూడా చూడాలి. శ్రద్ధను కొలిచే పరీక్షల్లో రెండు జట్లకీ పెద్ద తేడా రాలేదు గానీ ప్రవర్తన, గురక, పగటి చురుకుదనం, మొత్తంగా బతుకు తీరు ఆపరేషన్ అయిన పిల్లల్లోనే బాగా మెరుగుపడ్డాయి. రెండోది, జబ్బు మరీ తీవ్రంగా ఉండి ఆక్సిజన్ బాగా పడిపోయే పిల్లల్ని ఆ అధ్యయనంలోకి అసలు తీసుకోనే లేదు. వాళ్ల విషయంలో ఆగుదాం అనే ధైర్యం ఏ డాక్టరూ చేయరు.

మీ బాబు ఏ కోవలోకి వస్తాడు? అది తేల్చడానికి స్లీప్ స్టడీ ఉంది. ఒక రాత్రి అక్కడే పడుకోబెట్టి, తలకి, ముఖానికి స్టిక్కర్లలాంటివి అంటించి, ఛాతీకి, పొట్టకి మెత్తటి బెల్టులు కట్టి, ముక్కు దగ్గర చిన్న గొట్టం, వేలికి ఆక్సిజన్ చూసే ఎర్ర లైటు పెడతారు. సూదులు ఉండవు, నొప్పి ఉండదు, మీరు పక్కనే ఉండవచ్చు. గంటకి ఎన్నిసార్లు ఊపిరికి ఆటంకం వచ్చిందో లెక్క వస్తుంది. పెద్దవాళ్లలో గంటకి 5 కన్నా తక్కువైతే మామూలే అంటారు. పిల్లల్లో ఒకటి దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు, 5 దాకా స్వల్పం, 10 దాటితే తీవ్రం. రిపోర్టు చూసినప్పుడు పెద్దల కొలతతో పోల్చి తక్కువే కదా అనుకోకండి, ఆ పొరపాటు తరచూ జరుగుతుంటుంది. పిల్లల స్లీప్ స్టడీ చేసేచోట్లు తక్కువ. దొరక్కపోతే రాత్రంతా వేలికి ఆక్సిజన్ మీటర్ పెట్టి రికార్డు చేసే పద్ధతి ఉంది. అందులో ఆక్సిజన్ పదేపదే పడిపోతున్నట్టు వస్తే జబ్బు ఉన్నట్టే. ఏమీ రాకపోతే మాత్రం జబ్బు లేదని నమ్మేయకూడదు, ఆక్సిజన్ పడిపోకుండానే నిద్ర చెడిపోయే పిల్లలు చాలామంది ఉంటారు. టాన్సిల్స్ సైజు చూసి కూడా తీవ్రత చెప్పలేం. పెద్ద టాన్సిల్స్‌తో హాయిగా నిద్రపోయే పిల్లలున్నారు, చిన్నవే ఉన్నా అవస్థ పడేవాళ్లూ ఉన్నారు. రెండేళ్లలోపు పిల్లలకి, బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్లకి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి, దవడ నిర్మాణంలో తేడా ఉన్నవాళ్లకి, కండరాల బలహీనత ఉన్నవాళ్లకి ఆపరేషన్‌కి ముందు ఈ పరీక్ష తప్పనిసరిగా అడగండి.

మందులతో తగ్గదా అని అడిగారు. జబ్బు స్వల్పంగా ఉంటే, అందులోనూ అలర్జీ, ముక్కు దిబ్బడ ఉన్న పిల్లలకి, ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఆరు నుంచి పన్నెండు వారాలు వాడి చూస్తాం. ముక్కు మధ్యగోడ వైపు కాకుండా పక్కకి, కంటి వైపు ఉన్నట్టుగా కొట్టాలి, లేకపోతే ముక్కు నుంచి రక్తం వస్తుంది. మాంటెలుకాస్ట్ మాత్ర కూడా కొందరికి రాస్తారు. ఆ మాత్రతో కొంతమంది పిల్లల్లో పీడకలలు, కోపం, మనసులో దిగులు రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేర్పించింది. వేసిన రోజుల్లో బాబు తీరు మారితే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడినా పెరిగిన కండ తగ్గదు. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే మానేయాలి, బాల్కనీలోకి వెళ్లి తాగి వచ్చినా ఆ పొగ బట్టలతో లోపలికి వస్తుంది. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. నోటితో ఊపిరి మాన్పించడానికి పెదాల మీద టేపు వేసే పద్ధతి ఎవరైనా చెబితే ససేమిరా ఒప్పుకోకండి. ముక్కు దారి మూసుకున్న పిల్లవాడికి ఉన్న ఒక్క దారీ నోరే. నిద్ర బాగా పడుతుందని మత్తు కలిగించే జలుబు సిరప్‌లు పట్టడం కూడా ప్రమాదమే.

మీ బాబు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండేళ్ల నుంచి ఉంది, ఊపిరి ఆగడం మీరు కళ్లారా చూశారు, పక్క తడపడం మళ్లీ మొదలైంది, పగటి మీద కూడా ప్రభావం పడింది. ఇంకో రెండేళ్లు చూద్దాం అనడానికి నాకు మనసొప్పదు. స్లీప్ స్టడీ కుదిరితే చేయించండి. తీవ్రత బయటపడితే ఆపరేషన్ వాయిదా వేయకండి. పరీక్ష దొరకని పరిస్థితి అయితే, ఈ లక్షణాలతో, వీడియోతో, ఈఎన్‌టీ డాక్టర్ చెప్పినదాని మీద ముందుకెళ్లడం తప్పేమీ కాదు.

రోగనిరోధక శక్తి పోదు. టాన్సిల్స్, అడినాయిడ్స్ చేసే పని చేసే కణజాలం నాలుక మొదట్లో, మెడలో, పేగుల్లో, ఇంకా చాలా చోట్ల ఉంది. తీసేసిన పిల్లలు ఆ కారణంగా ఊరికే జబ్బు పడుతుండటం నేను చూడలేదు.

ఆపరేషన్ నోటిలోంచే చేస్తారు, బయట కోత ఉండదు. పూర్తి మత్తు ఇస్తారు, సాధారణంగా గంటలోపే అయిపోతుంది. టాన్సిల్‌ని పైపొర ఉంచి లోపలి భాగం మాత్రం తీసే పద్ధతి కూడా ఉంది. నొప్పి, రక్తస్రావం తక్కువ, కాకపోతే కొద్దిమందిలో మళ్లీ పెరిగే వీలుంది. మీ బాబుకి ఏది మంచిదో అడగండి. మత్తు డాక్టర్‌తో నిద్రలో ఊపిరి ఆగుతోందన్న సంగతి మీ నోటితో మీరే చెప్పండి, ఫైల్లో రాసి ఉందిలే అనుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా రక్తం త్వరగా గడ్డకట్టని సమస్య ఉంటే చెప్పండి. ఆరేళ్ల వయసు కాబట్టి పాలపళ్లు ఊగుతుంటాయి, ఏ పన్ను ఊగుతోందో అది కూడా చెప్పాలి. మూడేళ్లలోపు పిల్లల్ని, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లని ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచి ఆక్సిజన్ గమనించాలి. మీ డాక్టర్ అదే రోజు పంపిస్తామంటే ఎందుకో అడిగి తెలుసుకోండి.

ఇంటికొచ్చాక పది పద్నాలుగు రోజులు కష్టంగానే ఉంటుంది. గొంతులో తెల్లగా, పసుపుగా పొర కనిపిస్తుంది. అది చీము కాదు, మానుతున్న పుండు పైపొర. నోరు వాసన వస్తుంది. చెవి నొప్పి అంటాడు, చెవిలో ఏమీ ఉండదు, గొంతు నొప్పే అక్కడికి పాకుతుంది. మొదటి కొన్ని రాత్రులు వాపు వల్ల గురక ఉండవచ్చు, అయ్యో ఇంత చేసినా తగ్గలేదే అనుకోకండి. నొప్పి మందు అడిగినప్పుడు కాకుండా డాక్టర్ చెప్పిన డోసులో టైం ప్రకారం వేయండి. నొప్పికి భయపడి మింగడం మానేస్తే ఒంట్లో నీరు తగ్గి నొప్పి ఇంకా పెరుగుతుంది, కాబట్టి గుక్కగుక్కగా తాగిస్తూనే ఉండాలి. ఆస్పిరిన్ వద్దు. కోడీన్, ట్రమడాల్ అనే నొప్పి మందులు పన్నెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు, కొందరిలో ఊపిరే మందగించి ప్రాణం మీదికి వస్తుంది. ఐదో రోజు నుంచి పదో రోజు దాకా మీరు ఊరు వదిలి వెళ్లకండి. పొర రాలే ఆ రోజుల్లో కొద్దిమందికి రక్తం వస్తుంది. ఎర్రటి తాజా రక్తం చెంచాడు కనిపించినా, ఆగిపోయినా సరే, అర్ధరాత్రి అయినా సరే, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

ఆపరేషన్ తేదీ వచ్చేదాకా ఒకవేళ బాబు పెదాలు నీలంగా మారినా, లేపితే లేవకుండా మత్తుగా ఉన్నా, మెలకువలో కూడా ఊపిరికి కష్టపడుతున్నా తేదీ కోసం చూడకండి, ఆ క్షణమే తీసుకెళ్లండి.

ఆపరేషన్ అయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ చూపించాలి. ఎక్కువమందికి గురక పోతుంది, అందరికీ కాదు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లకి, అంగిలి ఇరుకుగా ఉన్నవాళ్లకి, అలర్జీ ఉన్నవాళ్లకి కొంత మిగిలిపోవచ్చు. అప్పుడు మళ్లీ స్లీప్ స్టడీ చేసి, స్ప్రే, అంగిలిని వెడల్పు చేసే పళ్ల క్లిప్పు, నిద్రలో మాస్కుతో గాలి పంపే సీప్యాప్ మెషిన్, వీటిలో ఏది అవసరమో చూస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు రోజు మళ్లీ తెల్లవారుజామున, చొక్కా గుండీలు విప్పి, అదే చోట నిలబడి మూడు నిమిషాలు వీడియో తీయండి. పాతదాన్ని చెరిపేయకుండా ఉంచుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి మీ డాక్టర్‌కి చూపించండి, ఆ తర్వాత మీ అత్తగారికి కూడా.